ఆ ఫోటోలో ఉండాల్సింది మీ పిల్లలే

(డాలస్ ఉత్తర శివారులో, పన్నెండో తరగతిలోకి వెళ్తున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఇక్కడున్న అమ్మానాన్నల్లో చాలామందికి పదిహేడేళ్ళప్పటి ఫోటో అంటే ఎంసెట్ హాల్‌టికెట్ మీద అంటించిన పాస్‌పోర్ట్ సైజు ఫోటోనే. కాలేజీ పక్కనున్న స్టూడియోలో నీలం తెర ముందు కూర్చోబెట్టి, 'గడ్డం కొంచెం పైకెత్తమ్మా' అని తీసిన ఫోటో. అందుకే ఇంట్లో పిల్లలు 'సీనియర్ పిక్చర్స్', అంటే పన్నెండో తరగతివాళ్ళ ఫోటోలు, తీయించుకోవాలి అన్నప్పుడు, దీనికింత హడావుడి ఎందుకు, ఇంత డబ్బు ఎందుకు, ఫోన్లో తీస్తే పోదా అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పేమీ లేదు. ఈ ఆనవాయితీ మనది కాదు. అయినా మన పిల్లలు ఇందులోనే పెరిగారు. వాళ్ళ స్నేహితులందరూ తీయించుకుంటున్నారు. సరిగ్గా ప్లాన్ చేస్తే మన ఇళ్ళకి కూడా ఇది చాలా విలువైన పని అవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు ఒక గందరగోళం తీరుద్దాం. సీనియర్ ఫోటోలంటే రెండు వేర్వేరు విషయాలు. ఒకటి ఇయర్‌బుక్ ఫోటో, అంటే స్కూలు ఏటా వేసే, పిల్లలందరి ఫోటోలుండే పుస్తకంలోది. దీన్ని చాలా హైస్కూళ్ళలో స్కూలు ఒప్పందం కుదుర్చుకున్న స్టూడియోనే తీస్తుంది. ఆడపిల్లలకి భుజాల మీద నల్లటి డ్రేప్ కప్పుతారు, మగపిల్లలకి ముందువైపు మాత్రమే ఉండే టక్సీడో తొడుగుతారు. వెనక ఒకే తెర, అందరికీ ఒకే కొలత. ఇది సీనియర్ ఇయర్ మొదలవకముందు వేసవిలో గానీ, స్కూలు తెరిచాక మొదటి నెలల్లో గానీ జరుగుతుంది. ఆఖరు తేదీ దాటితే ఇయర్‌బుక్‌లో ఫోటో ఉండాల్సిన చోట పేరు ఒక్కటే మిగులుతుంది. ఫోటో తీయించుకున్నంత మాత్రాన ఆ స్టూడియో అమ్మే ప్యాకేజీ కొనాలనేమీ లేదు. స్కూలు నుంచి వచ్చే ఈమెయిల్ ఒకసారి ఓపిగ్గా చదవండి, అన్నీ అందులో ఉంటాయి.

రెండోది మీరే ఒక ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకుని, మీ అమ్మాయికో అబ్బాయికో తగ్గట్టు చేయించుకునే సెషన్. ఈరోజు నేను మాట్లాడేది దీని గురించే.

ఈ ఆనవాయితీ కొత్తదేమీ కాదు. 1860ల్లోనే మాసాచుసెట్స్‌లో జార్జ్ కెండాల్ వారెన్ అనే ఫోటోగ్రాఫర్ హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీల్లో చదువు ముగించి వెళ్ళే విద్యార్థుల ఫోటోలు తీసేవాడు. ఎవరికి కావలసిన ఫోటోలు వాళ్ళు ఎంచుకుని, ఆల్బమ్‌గా కట్టించుకునేవారు. స్నేహితులు విడిపోయి తలో దిక్కుకీ వెళ్ళేముందు ఒకరి ముఖం ఒకరి దగ్గర ఉంచుకోవాలన్న కోరిక అది. ఆ తర్వాత ఆ అలవాటు హైస్కూళ్ళకీ పాకింది.

ఇక అసలు పని. నాకు ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది అమ్మలు. 'మా పాపకి మూడు డ్రెస్సులు అనుకున్నాం, బ్లూబానెట్ పూలలో తీయాలి, డౌన్‌టౌన్‌లో కొన్ని, గుడి దగ్గర కొన్ని' అని ముందే అంతా రాసిపెట్టుకుని చెప్తారు. నేను అంతా విని, 'పాప ఏమంటోంది?' అని అడుగుతాను. చాలాసార్లు అవతల కాసేపు మాట వినిపించదు. పాపని ఎవరూ అడగలేదన్నమాట.

అందుకే నా మొదటి షరతు: డబ్బు, డ్రెస్సులు మాట్లాడకముందు పిల్లలతో నేను విడిగా ఒక అరగంట మాట్లాడాలి. వీడియో కాల్ అయినా చాలు. అమ్మానాన్నలు పక్క గదిలో ఉంటే మంచిది. 'నీకేం ఇష్టం?' అని నేను సూటిగా అడగను. అలా అడిగితే పదిహేడేళ్ళ పిల్లలు 'ఐ డోంట్ నో, ఆంటీ' అనేస్తారు. 'శనివారం పొద్దున ఎవరూ లేపకపోతే ఏం చేస్తావు? నీ గదిలో గోడకి ఏముంది? నీ బ్యాక్‌ప్యాక్‌లో ఎప్పుడూ ఉండే వస్తువేంటి? ఫోటోల్లో నీకు నచ్చనిదేంటి?' అని అడుగుతాను. ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు చాలా ముఖ్యం. పళ్ళు కనపడేలా నవ్వడం ఒక అమ్మాయికి ఇష్టం ఉండదు. బ్రేసెస్ తీసేసి రెండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఒక అబ్బాయికి తన ఎత్తు మీద దిగులు. ఇవి నాకు ముందే తెలిస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ కోణంలో నిలబెట్టాలో నేను చూసుకుంటాను. తెలియకపోతే గంటన్నర సేపు ఆ పిల్ల తన నోటి గురించే ఆలోచిస్తూ నిలబడుతుంది, అదే ఫోటోలో పడుతుంది.

'మావాడికి హాబీలేం లేవండీ' అనే నాన్నలు కూడా ఉన్నారు. హాబీ అంటే ట్రోఫీ తెచ్చేదే అవ్వాలా? ఒకబ్బాయి వాళ్ళ నాన్నతో కలిసి ఇంటి గరాజ్‌లో పాత కారు విప్పి బిగిస్తుంటాడు. ఆ గరాజ్ తలుపు సగం ఎత్తితే లోపలికి పడే వెలుగు, వాడి చేతులకి గ్రీజు, అంతకంటే మంచి చోటు నాకు ఎక్కడ దొరుకుతుంది? ఒకమ్మాయి ఆదివారాల్లో మనబడిలో చిన్నపిల్లలకి గుణింతాలు నేర్పుతుంది. ఆ తెల్లబోర్డు ముందు మార్కర్ పట్టుకుని నిలబడితే చాలు, వేరే పోజు చెప్పక్కర్లేదు. మార్చింగ్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించేవాళ్ళు, రోబోటిక్స్‌లో మునిగిపోయేవాళ్ళు, డిబేట్ కోసం శనివారాలన్నీ ఎక్కడో ఒక స్కూల్లో గడిపేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ నాలుగేళ్ళు ఏ చోట గడిచాయో ఆ చోటు ఫోటోలో ఉండాలి.

మన పిల్లలు రెండు లోకాల్లో పెరుగుతారు. స్కూల్లో ఒక మాట, ఒక నడక. ఇంటికొస్తే ఇంకో మాట, ఇంకో తిండి. సెషన్‌లో రెండూ ఉండాలా అన్నది కూడా వాళ్ళే చెప్పాలి. లంగా ఓణీ వేసుకోవడం ఇష్టమైన అమ్మాయికి అది వెలుగునిస్తుంది. అమ్మ కోసం వేసుకున్న అమ్మాయి భుజాలు మాత్రం బిగుసుకుపోతాయి. ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. హాఫ్ శారీ ఫంక్షన్‌లో తీసిన ఫోటోలు మీకు ఎలాగూ ఉన్నాయి.

డాన్స్ నేర్చుకున్న పిల్లల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే ప్లానింగ్ ఎక్కువ కావాలి. కాలేజీకి వెళ్ళేలోపు రంగప్రవేశం చేయించాలని చాలా ఇళ్ళలో అనుకుంటారు. ఆ డ్రెస్సూ నగలూ ఉన్నాయి కదా, సీనియర్ ఫోటోల్లో కలిపేద్దాం అంటారు. మంచి ఆలోచనే. కానీ వరస తప్పితే రోజంతా పాడవుతుంది. పారాణి పెట్టాక ఆ ఎరుపు ఆ రోజుకి వేళ్ళ నుంచి పోదు. జీన్స్, లెటర్ జాకెట్ (ఆటల్లో, బ్యాండ్ లాంటివాటిలో రాణించినవాళ్ళు వేసుకునే స్కూలు కోటు) వేసుకుని నిలబడితే ఎర్రటి వేళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. జడ బిగించి అల్లాక విప్పితే జుట్టంతా వంకీలు తిరిగి ఉంటుంది. స్టేజీ కోసం కళ్ళకి పెట్టే కాటుక దూరం నుంచి చూసేవాళ్ళ కోసం. దగ్గర నుంచి తీసే ఫోటోకి అది మరీ ఎక్కువ. కాబట్టి జుట్టు విరబోసుకునే డ్రెస్సు ముందు, జడా నగలూ గజ్జెలూ చివర. వీలైతే డాన్స్ కోసం వేరే రోజు పెట్టుకోవడం ఇంకా మంచిది. అమ్మాయి అలిసిపోకుండా ఉంటుంది.

ఆ రోజు గురువుగారిని పిలిస్తే నాకు చాలా సంతోషం. ఏ భంగిమలో మోకాలు ఎంత వంగాలో, చెయ్యి ఎక్కడ ఆగాలో నాకంటే వారికి బాగా తెలుసు. ఫోటో బాగుంది కదా అని తప్పు ముద్రని గోడకి తగిలించుకోకూడదు. ఇంకో మాట. డాన్స్ ఫోటోలో పాదాలు కోసేస్తే ఫోటో చచ్చిపోతుంది. కూచిపూడి తరంగంలో పళ్ళెం అంచు మీద నిలబడ్డ పాదాలే అసలు కథ. మీరు చూస్తున్న ఫోటోగ్రాఫర్ డాన్స్ ఫోటోల్లో పాదాలు, వేళ్ళ కొసలు కత్తిరించి ఉంటే వాళ్ళకి ఆ కళ మీద చూపు లేదని అర్థం. మృదంగం, వీణ వాయించేవాళ్ళని కూడా పైనుంచి తీయకూడదు. కెమెరా కిందికి దిగి, వాయిద్యం ఎత్తులో ఉండాలి.

ఇప్పుడు నా మనసుకి అన్నిటికంటే దగ్గరైన విషయం చెప్తాను. సెషన్ అయ్యాక ఫోటోలు పంపిస్తే, నాకు ఎక్కువగా వచ్చే కోరిక ఒకటుంది. 'చాలా బాగున్నాయండీ, పాప కొంచెం నల్లగా వచ్చింది, కాస్త తెల్లగా చేస్తారా?' నేను చేయను. ఆ మాట ముందే కాగితం మీద కూడా రాసి ఇస్తాను. మొటిమ వారంలో పోయేదే కాబట్టి తీసేస్తాను. పుట్టుమచ్చ, ఒంటి రంగు తన సొంతం, వాటిని ముట్టుకోను.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. చాలా దశాబ్దాల పాటు కలర్ ఫిల్మ్, ప్రింటింగ్ యంత్రాలు తెల్లవాళ్ళ చర్మం రంగుకే సరిచేసి ఉండేవి. కొడాక్ కంపెనీ ల్యాబ్‌లకి ఒక తెల్ల అమ్మాయి ఫోటో ఉన్న కార్డు పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆ కార్డులో అమ్మాయి రంగు సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ దీని మీద లోతుగా పని చేశారు. క్లాసు ఫోటోల్లో తెల్ల పిల్లల ముఖాలు చక్కగా వచ్చి, పక్కనే ఉన్న నల్లజాతి పిల్లల ముఖాల్లో కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనపడేవి కావు. వాళ్ళ అమ్మలు అడిగారు. అయినా కంపెనీ కదలడానికి పెద్ద కారణం చాక్లెట్ల కంపెనీలు, చెక్క ఫర్నిచర్ అమ్మేవాళ్ళు. తమ సరుకులో గోధుమరంగు తేడాలు ఫోటోలో తెలియడం లేదని వాళ్ళు ఫిర్యాదు చేశారు. పిల్లల ముఖాల కోసం జరగని మార్పు చాక్లెట్ కోసం జరిగింది. స్కూలు ఫోటోల చరిత్రలోనే ఇది ఉంది కాబట్టి మీకు చెప్తున్నాను.

ఇప్పటి కెమెరాలు ఎంతో మెరుగు. అయినా తీసేవాళ్ళకి తెలియాలి. వెనక వెలుగు ఎక్కువగా ఉంటే కెమెరా దాన్ని చూసి మొత్తం తగ్గించేస్తుంది, ముఖం చీకటి అవుతుంది. అది వెలుగు లెక్క తప్పడం, మీ అమ్మాయి రంగు తప్పు కాదు. ఇంకో రకం ఇబ్బంది, ఇప్పుడు ఫ్యాషన్‌లో ఉన్న పాలిపోయిన ఎడిటింగ్. తెల్లటి ఒంటికి అది గాలిలా తేలిగ్గా కనిపిస్తుంది, మన ఒంటికి వేస్తే బూడిద పూసినట్టో నారింజ రంగు కొట్టినట్టో అవుతుంది. అందుకని ఫోటోగ్రాఫర్‌ని ఎంచుకునేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన మెరుపు ఫోటోలు చూసి తేల్చుకోకండి. మన రంగు పిల్లలతో చేసిన ఒక సెషన్ మొత్తం, మొదటి ఫోటో నుంచి చివరి దాకా చూపించమనండి. నీడలో తీసినవి, ఎండలో తీసినవి, లోపల తీసినవి అన్నిట్లో ఆ పిల్ల ఒకే రంగులో ఉందా చూడండి. ఇది ఎవరైనా చేయగల పరీక్ష.

పిల్లల ముందు 'తెల్లగా చేయండి' అనే మాట అనకండి. పదిహేడేళ్ళ పిల్ల ఇల్లు వదిలి వెళ్ళేముందు, తన ముఖాన్ని సరిదిద్దాలని అమ్మ అనుకుంటోందని తెలుసుకుని వెళ్ళకూడదు.

ఇక తేదీలు. ఇక్కడ ఆగస్టు మధ్యలో స్కూళ్ళు తెరుస్తారు. జూలై, ఆగస్టుల్లో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. ఆ రోజుల్లో తీయాల్సి వస్తే సూర్యోదయానికి పెట్టుకోండి. పిల్లలు సణుగుతారు గానీ వెలుగు అద్భుతంగా ఉంటుంది, పార్కులో జనం ఉండరు. సెప్టెంబర్, అక్టోబర్లలో హోమ్‌కమింగ్, అంటే ఫుట్‌బాల్ ఆట, డాన్స్‌తో స్కూల్లో జరిగే పండగ. మన టెక్సాస్ పిల్లలకి అప్పుడు మమ్‌లుంటాయి, అంటే బట్టల మీద తగిలించుకునే పెద్ద చామంతి లాంటి పూలు, వాటికి నేల దాకా వేలాడే రిబ్బన్లు, గంటలు. సెషన్‌కి అది కావాలంటే ఆ వారంలోనే పెట్టుకోవాలి, తర్వాత అది నలిగిపోతుంది.

అక్టోబర్‌లో వెలుగు ఎంత బాగున్నా ఒక చిక్కుంది. చాలా కాలేజీల ఎర్లీ అప్లికేషన్లకి నవంబర్ 1 ఆఖరు తేదీ. అక్టోబర్ చివరి రెండు వారాల్లో పిల్లలకి వ్యాసాలు, రికమెండేషన్లు, నిద్రలేని రాత్రులు. ఆ టెన్షన్ కళ్ళ కింద కనిపిస్తుంది, ఏ ఎడిటింగూ దాన్ని పూర్తిగా తీయలేదు. సెప్టెంబర్ చివర గానీ, నవంబర్ రెండో వారం గానీ నాకు నచ్చుతాయి. నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి జరుగుతుంది, సూర్యాస్తమయం ఒక్కసారిగా సాయంత్రం ఐదున్నరకి వచ్చేస్తుంది. స్కూలు నాలుగింటికి వదిలితే రోడ్డు మీదే వెలుగు అయిపోతుంది. అప్పుడు వారాంతం తప్ప దారి లేదు.

మన ఇళ్ళకి ఇంకో లెక్క ఉంది. విజిటర్ వీసా మీద వచ్చిన తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ మామూలుగా ఆరు నెలల్లోపు తిరిగి వెళ్ళాలి. వాళ్ళు మే మొదట్లో వచ్చి ఉంటే నవంబర్ సెషన్‌కి ఉండరు. వాళ్ళతో ఫోటో కావాలంటే క్యాలెండర్ వాళ్ళ టికెట్ నుంచి మొదలుపెట్టండి. పెద్దవాళ్ళని పార్కులో చాలా దూరం నడిపించకండి. సెషన్ మొదటి పదిహేను నిమిషాలు ఇంటి ముందరే, వరండాలో, వాళ్ళతో కూర్చోబెట్టి తీసేస్తాను. తర్వాత వాళ్ళు లోపలికి వెళ్ళి విశ్రాంతి తీసుకుంటారు. నా అనుభవంలో అమ్మానాన్నలు ఫ్రేమ్ కట్టించుకునేది ఎక్కువగా ఆ పదిహేను నిమిషాల్లోదే.

వసంతం గురించి. మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా బ్లూబానెట్లు పూస్తాయి. 1901 నుంచి ఇది మన టెక్సాస్ రాష్ట్ర పుష్పం. ఎన్నిస్ ఊరి చుట్టూ వాటి కోసమే దారులు గుర్తించి పెట్టారు. అందం సరే, జాగ్రత్తలు కూడా ఉన్నాయి. పూల మధ్యలో కూర్చుంటే ఆ మొక్కలు నలిగిపోయి విత్తనం కట్టవు, మరుసటి ఏడాది అక్కడ పూలుండవు. ఇప్పటికే ఉన్న కాలిబాట మీద నిలబడి కెమెరా కిందికి దించితే పూల నడుమ ఉన్నట్టే వస్తుంది. కంచె దాటితే అది ఎవరిదో పొలం. గడ్డిలో పాములుంటాయి, ఫైర్ యాంట్స్ అనే మంటపుట్టేలా కుట్టే చీమలు ఉంటాయి, ఓణీతో నేలమీద కూర్చునేముందు చూసుకోండి. హైవే పక్కన కారు ఆపి పిల్లల్ని దింపడం నాకు అస్సలు ఇష్టం లేదు.

రైలు పట్టాల సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాను. పట్టాల మీద నిలబెట్టి ఫోటో తీద్దాం అనే ఫోటోగ్రాఫర్ దొరికితే అక్కడికక్కడే ఆ సెషన్ మానేయండి. పట్టాలు రైల్వే కంపెనీ ఆస్తి, అక్కడికి వెళ్ళడం చట్టవిరుద్ధం. అంతకంటే, రైలు పట్టాల కంటే రెండు వైపులా మూడడుగులు బయటికి ఉంటుంది, ముందు నుంచి వచ్చే శబ్దం మనం అనుకున్నంత పెద్దగా వినపడదు. ఇలాంటి ఫోటోలు తీసుకుంటూ ఈ దేశంలో పిల్లలు చనిపోయారు.

చోట్ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే పిల్లలతో మాట్లాడితే చోటు దానంతటదే తేలుతుంది. డాలస్ అర్బొరీటమ్ లాంటి తోటల్లో, మెకిన్నీలోని ఆడ్రియాటికా లాంటి ప్రైవేటు చోట్ల ఫోటోలకి వాళ్ళ నియమాలుంటాయి, ముందే కనుక్కోవాలి. గుడిలో అయితే ఆఫీసులో అడగండి. పండగ రోజు, కల్యాణం జరిగే రోజు వద్దు. మూలవిరాట్ వైపు కెమెరా పెట్టకూడదని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎక్కడైనా సరే, సూర్యాస్తమయానికి ముందు గంటన్నర నా సమయం. ఆ వెలుగు పక్క నుంచి మెత్తగా పడుతుంది, మన ఒంటిలోని బంగారు ఛాయ అప్పుడే బాగా తెలుస్తుంది.

బట్టలు రెండు జతలు చాలు, మహా అయితే మూడు. నాలుగు తెస్తే కార్లో మార్చుకోవడానికే వెలుగు అంతా పోతుంది. మెరూన్, ముదురు ఆకుపచ్చ, నెమలికంఠం, ఆవపిండి పసుపు మన పిల్లలకి బాగా నప్పుతాయి. నియాన్ రంగులు వద్దు, ఆ రంగు గడ్డం కింద పడుతుంది. సన్నటి గళ్ళ చొక్కాలు ఫోటోలో అలలు అలలుగా కనిపిస్తాయి. కంచిపట్టు జరీ నేరుగా ఎండలో తెల్లగా పేలిపోతుంది, దాన్ని నీడలోనే తీయాలి. లెటర్ జాకెట్ ఉన్ని, చేతులేమో తోలు. సెప్టెంబర్‌లో కూడా అది వేసుకుంటే చెమట కారిపోతుంది కాబట్టి చివరి ఐదు నిమిషాలకి ఉంచండి. ఏ బట్ట అయినా ఒకసారి ఇంట్లో వేసుకుని కూర్చుని, నడిచి చూడమనండి.

కళ్ళజోడు రోజూ పెట్టుకునే పిల్లలు ఫోటోలోనూ పెట్టుకోవాలి, అదే వాళ్ళ ముఖం. కానీ ఎండలోకి వెళ్తే నల్లబడే అద్దాలైతే కళ్ళు కనపడవు. ఒక్కోసారి కళ్ళజోళ్ళ షాపువాళ్ళు అదే ఫ్రేమ్‌ని అద్దాల్లేకుండా రెండు రోజులు ఇస్తారు, అడిగి చూడండి. జుట్టు కత్తిరింపు వారం, పది రోజుల ముందు. ఐబ్రోస్ థ్రెడింగ్ మూడు రోజుల ముందు. ఆ వారంలో కొత్త క్రీములేవీ ముఖానికి రాయొద్దు. జేబులో ఫోన్, చేతికి స్మార్ట్ వాచీ, మణికట్టుకి హెయిర్ బ్యాండ్, ఈ మూడూ మీరు తీయించండి, అమ్మలకి నేనిచ్చే పని అదొక్కటే. 'నవ్వు, నవ్వు' అని నా వెనక నిలబడి అనకండి, దయచేసి. పిల్లలు మిమ్మల్ని చూస్తారు, నన్ను చూడరు.

డబ్బు, కాగితాలు. సిట్టింగ్ ఫీజులో, అంటే సెషన్ కోసం కట్టే డబ్బులో, ఏమేం వస్తాయో రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్ని ఫోటోలు, డిజిటల్ ఫైళ్ళు ఇస్తారా, ప్రింట్లు విడిగా కొనాలా, వాన పడితే ఏంటి. ఫీజు చవగ్గా కనిపించి, ఫోటోలు చూశాక ఒక్కో ఫైలుకీ డబ్బు కట్టాల్సి వచ్చే పద్ధతులున్నాయి. అది మోసం కాదు, కానీ ముందు తెలియాలి. ఇంకొకటి, ఈ దేశ చట్టంలో ఫోటో హక్కు మామూలుగా తీసినవాళ్ళదే. మీరు డబ్బు కట్టినా ప్రింట్ చేసుకోవడానికి అనుమతి పత్రం ఉండాలి, లేకపోతే షాపులో ప్రింట్ చేయకపోవచ్చు. మీ పిల్లల ఫోటో తన వెబ్‌సైట్లో పెట్టుకోవడానికి ఫోటోగ్రాఫర్ మీ సంతకం అడుగుతారు. పిల్లలకి పద్దెనిమిది నిండకపోతే ఆ సంతకం మీది. పెట్టేముందు పిల్లల్ని అడగండి, వాళ్ళు వద్దంటే వద్దనే రాయండి.

గ్రాడ్యుయేషన్‌కి వేసుకునే క్యాప్, గౌన్ వసంతంలో గానీ చేతికి రావు. ఫాల్‌లో సెషన్ చేసినవాళ్ళు వాటి కోసం ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో ఒక ఇరవై నిమిషాల చిన్న సెషన్ అడగండి. గ్రాడ్యుయేషన్ రోజే తీద్దాం అనుకుంటే ఆ జనంలో, ఆ పార్కింగ్‌లో కుదరదు.

ఇప్పుడు ప్రశ్నలు. వెనక వరసలో మీరు అడగండి అన్నయ్యగారూ.

'మావాడు ఫోటోలే వద్దంటున్నాడండీ. ఎంత చెప్పినా వినడు. ఏం చేయాలి?'

ఎందుకు వద్దంటున్నాడో అడిగారా? కోప్పడకుండా, పక్కన కూర్చుని. కొందరికి కెమెరా ముందు నిలబడటం నిజంగా కష్టం. కొందరికి స్నేహితులు చూస్తారని భయం. కొందరు డబ్బు దండగని మీకోసమే వద్దంటారు, అది కూడా చూశాను. ఏ కారణమో తెలిస్తే దారి దొరుకుతుంది. ఇయర్‌బుక్ ఫోటో మాత్రం తీయించుకోమనండి, అది పది నిమిషాల పని. మిగతాదానికి, ఒక జత బట్టలు, వాడికి ఇష్టమైన ఒక చోటు, అరగంట. ఒక స్నేహితుడిని తోడు తెచ్చుకోమనండి. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నేను దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీస్తాను, ఒక్కసారి కూడా 'ఇటు చూడు' అనను. ఫోటోలు ముందు వాడికే పంపిస్తాను. వాడికి నచ్చినవే మీకు వస్తాయి. ఇదంతా చెప్పాక కూడా వద్దంటే వదిలేయండి. మే నెల దాకా టైముంది, మళ్ళీ ఒకసారి అడగొచ్చు. వాడు ఒప్పుకుంటే మీరు కాకుండా వాడినే నాకు మెసేజ్ పెట్టమనండి.